మాట వినపడాలంటే ఏ సిమ్?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే ప్రశ్న: "ఏ నెట్‌వర్క్ మంచిది?" ఈ శీర్షిక రాయడానికి ముందు నేను కొన్నేళ్లు డ్రైవ్ టెస్టులు చేశాను. అంటే కారు మీద జీపీఎస్, ఒళ్లో ల్యాప్‌టాప్, పక్క సీట్లో నాలుగు కంపెనీల ఫోన్లు పెట్టుకుని, శ్రీకాకుళం నుంచి హిందూపురం దాకా రోడ్ల మీద తిరుగుతూ సిగ్నల్ కొలవడం. ఆ ఉద్యోగం పోయినా దాని అలవాటు ఒకటి మిగిలింది. "మంచి నెట్‌వర్క్" అనగానే "ఎక్కడ?" అని అడుగుతాను. ఇంట్లోవాళ్లు ఎప్పుడో విసిగిపోయారు, మీరైనా ఓపిక పట్టండి. డేటా స్పీడు, సినిమాలు, రీల్స్ గొడవ ఈసారి లేదు. ఫోన్ మోగాలి, ఎత్తితే అవతలి మాట వినపడాలి. ఆ ప్రశ్నలే తీసుకున్నాను.

ప్రశ్న: మా అమ్మ రాజోలు దగ్గర పల్లెటూళ్లో ఒక్కతే ఉంటుంది. బీపీ, షుగర్ ఉన్నాయి. నేను రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తే తరచూ "స్విచాఫ్ చేసి ఉంది లేదా కవరేజ్ ఏరియాలో లేరు" అని వస్తుంది. అమ్మనడిగితే ఫోన్ పక్కనే ఉందే, మోగలేదే అంటుంది. ఆ రాత్రంతా నాకు టెన్షన్. మా బావగారు ఒక కంపెనీ పేరు చెబుతారు, ఎదురింటివాళ్లు ఇంకోటి చెబుతారు. ఏ సిమ్‌కి మార్చమంటారు మేడమ్? (ఉప్పల్, హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు)

సిమ్ మార్చే ముందు అమ్మగారి ఫోన్‌లో రెండు సిమ్‌లు ఉన్నాయేమో చూడండమ్మా. చాలా ఫోన్లలో ఒక సిమ్ మీద మాట్లాడుతున్నంతసేపూ రెండో సిమ్ పనిచేయదు. అప్పుడు రెండో నంబరుకు చేసినవాళ్లకు ఎంగేజ్ టోన్ రాదు, "కవరేజ్‌లో లేరు" అనే వస్తుంది. తొమ్మిదింటికి ఆవిడ మీ పిన్నిగారితో ఆ ఇంకో సిమ్‌లో కబుర్లు చెబుతుంటే టవర్‌ని తిట్టి లాభం లేదు. అరగంట ఆగి మళ్లీ చేస్తే కలుస్తోందంటే మొదటి అనుమానం దీని మీదే పెట్టుకోండి.

అది కాదని తేలితే రెండో ప్రశ్న: రాత్రిపూట ఆ ఫోన్ ఎక్కడుంటుంది? పగలు వసారాలో ఉన్న ఫోన్ రాత్రి నడి గదిలోకి పోతుంది. పైన స్లాబు, పక్కన ఇనప బీరువా, చుట్టూ గోడలు. ఆ గోడల బయట మీ కోనసీమ కొబ్బరితోటలు. పచ్చని ఆకు, అందులోనూ వానకు తడిసిన ఆకు, సిగ్నల్‌ని బాగా పీల్చేస్తుంది. వేసవిలో బాగానే ఉండే ఫోన్ వర్షాల్లో మొరాయించేది అందుకే.

మీకు కాల్ వచ్చిందని టవర్ ముందు ఫోన్‌ని పిలుస్తుంది, ఫోన్ బదులు పలకాలి. రెండూ జరిగితేనే రింగు మోగుతుంది. స్క్రీన్ మీద గీతలు చూపించేది టవర్ మాట ఫోన్‌కి ఎంత వినపడుతోందన్నదే. ఫోన్ పలికింది టవర్‌కి చేరిందో లేదో ఆ గీతలకు తెలీదు. టవర్ బలం ఎక్కడ, అరచేతిలో ఉన్న ఫోన్ బలం ఎక్కడ? అందుకే రెండు గీతలు కనిపిస్తున్నా కాల్ కలవని ఇళ్లు ఉంటాయి. ఇంకో గుర్తు ఉంది. ఎవరూ వాడకపోయినా రాత్రికి రాత్రి బ్యాటరీ సగానికి పడిపోతోందా, ఫోన్ వెచ్చగా ఉంటోందా? అది నెట్‌వర్క్ కోసం వెతుక్కుంటూ, పూర్తి శక్తితో అరుస్తూ గడుపుతోందన్నమాట.

గీతల్ని పక్కనపెట్టి అంకె చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో ఎబౌట్ ఫోన్, అందులో సిమ్ స్టేటస్, అక్కడ సిగ్నల్ స్ట్రెంగ్త్ అని మైనస్ గుర్తుతో ఒక అంకె ఉంటుంది. పక్కన డీబీఎం అని రాసి ఉంటుంది. 4జీలో మైనస్ 85, 90 దగ్గర ఉంటే హాయిగా పడుకోవచ్చు. మైనస్ 105 అంటే సరిపెట్టుకోవచ్చు. మైనస్ 115 దాటిందంటే కాల్ దేవుడి దయ. ఇందులో పది తగ్గితే ఏదో కొంచెం తగ్గిందని అనుకోకండి, శక్తి పదో వంతుకు పడిపోయినట్టు. ఒక ఫోన్ 4జీలో, ఇంకోటి 2జీలో ఉన్నప్పుడు ఆ రెండు అంకెల్నీ పోల్చకండి, లెక్కించే పద్ధతి వేరు.

ఇక కంపెనీల సంగతి. అందరి దగ్గరా ఉన్నది గాలిలో పోయే తరంగాలే, కానీ ఒకే రకం కాదు. 700, 850, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు దూరం పోతాయి, గోడలోంచి కాస్త దూరగలవు. 1800, 2100, 2300 అంత దూరం పోవు. 5జీకి ఎక్కువగా వాడే 3500 ఇంకా దగ్గరలోనే ఆగిపోతుంది. జియో 4జీలో దూరానికి 850 వాడుతుంది, దానికి 2జీ, 3జీ అసలు లేవు. అక్కడ 4జీ అందకపోతే మాట కూడా అందదు. ఎయిర్‌టెల్ 3జీని 2020కల్లా తీసేసింది కానీ 900 మీద 2జీని ఉంచింది. 4జీ బలహీనపడ్డ చోట కాల్ 2జీకి దిగి బతుకుతుంది. వీఐకీ 2జీ ఉంది. బీఎస్ఎన్ఎల్ 4జీకి 700, 2100 వాడుతోంది, కింద పాత 2జీ ఉంది. కాగితం మీద చూస్తే ఎవరి బలం వాళ్లకుంది. కానీ మీ అమ్మగారి ఇంటికి కావలసింది కాగితం కాదు, ఆ ఊరికి దగ్గర్లో ఎవరి టవర్ ఉంది, అది ఏ వైపు తిరిగి ఉంది అన్నది. టవర్ మీద యాంటెన్నాలు తలా ఒక దిక్కుకు చూస్తుంటాయి. పక్క వీధికి నిండుగా వచ్చేది మీ వీధికి రాకపోవచ్చు.

కాబట్టి ఈసారి ఊరెళ్లినప్పుడు బావగారిని, ఎదురింటివాళ్లని అభిప్రాయం అడగకండి, వాళ్ల ఫోన్లు అడగండి. వేర్వేరు కంపెనీల సిమ్‌లున్న ఫోన్లు ఓ పూట తెచ్చుకుని, అమ్మగారు రాత్రి ఫోన్ పెట్టే చోటే పెట్టి, తలుపులు వేసి, ఆ నంబర్లకు మీరు బయటనుంచి కాల్ చేయండి. ఆ గదిలోంచి బయటికి చేయడం కాదు, బయటనుంచి లోపలికి చేయాలి. డ్రైవ్ టెస్టులో మేం రెండు రకాలుగా చేసేవాళ్లం. షార్ట్ కాల్ అంటే కలుస్తోందా లేదా, లాంగ్ కాల్ అంటే కలిశాక నిలబడుతోందా లేదా. మీరూ అలాగే కొన్ని చిన్నవి చేయండి, ఒకటి పది నిమిషాలు సాగదీయండి. మీ ఊరి విశేషాలు అడిగితే పది నిమిషాలు ఎలా గడిచాయో కూడా తెలీదు.

ఇంకొకటి, దీన్ని ఎవరూ చూసుకోరు. కరెంటు పోయినప్పుడు పరీక్షించండి. టవర్‌కి బ్యాటరీలు ఉంటాయి, కొన్నింటికి జనరేటర్ ఉంటుంది, డీజిల్ ఉన్నంతసేపు నడుస్తుంది. కరెంటు పోయిన గంటకో, గంటన్నరకో గుడ్డిదీపంలా ఆరిపోయే టవర్లూ ఉన్నాయి. కోనసీమలో తుపాను వస్తే కరెంటు ముందు పోతుందని మీకు నేను చెప్పాలా? పగలు బ్రహ్మాండంగా పనిచేసి చీకట్లో చచ్చే నెట్‌వర్క్ మీ అమ్మగారికి పనికిరాదు.

ఆ పరీక్షలో గెలిచిన సిమ్‌ని మొదటి స్లాటులో వేయండి. రెండో స్లాటులో రెండో కంపెనీది వేయమంటాను, కానీ ఒక షరతు. అది వేరే టవర్ మీద ఉండాలి. మన దగ్గర చాలా టవర్లు కంపెనీలవి కావు, వాటిని కట్టి అద్దెకిచ్చే సంస్థలు వేరే ఉన్నాయి. ఒకే టవర్ మీద రెండు, మూడు కంపెనీలు యాంటెన్నాలు పెట్టుకుంటాయి. దానికి కరెంటు పోతే అన్నీ కలిసే పోతాయి. రెండు సిమ్‌లు వేసుకున్నాం అన్న ధైర్యం మిగులుతుంది, ఫోన్ మాత్రం మోగదు. టెలికాం శాఖవారి తరంగ్ సంచార్ వెబ్‌సైట్‌లో మీ ఊరి చుట్టూ టవర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో మ్యాప్ మీద చూడొచ్చు. ఏ టవర్ మీద ఎవరున్నారో తెలియకపోతే, కరెంటు పోయిన రాత్రి ఏ రెండు సిమ్‌లు ఒకేసారి పోతున్నాయో గమనించండి, అదే చెప్పేస్తుంది.

ప్రశ్న: "దేశంలో నంబర్ వన్ నెట్‌వర్క్ మాదే" అని ఇద్దరు ముగ్గురు ప్రకటనలిస్తున్నారు. అందరూ నంబర్ వన్ ఎలా అవుతారు? (గుంటూరు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు)

అవుతారు మాస్టారూ, తలా ఒక పరీక్షలో. ఒకరు డౌన్‌లోడ్ స్పీడులో, ఒకరు వీడియోలో, ఒకరు 5జీ ఊళ్ల సంఖ్యలో. ఆ ప్రకటన కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఏం కొలిచారో రాస్తారు. అక్కడ "వాయిస్" అన్న మాట లేకపోతే మన పనికి అది చెల్లదు.

చూడాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వాళ్లు నగరాల్లో, హైవేల మీద చేయించే డ్రైవ్ టెస్టుల ఫలితాలు చూడండి, వాళ్ల సైట్‌లోనే పెడతారు. కాల్ కలిసే శాతం, మధ్యలో తెగే శాతం, మాట స్పష్టత కంపెనీలవారీగా ఉంటాయి. అవి రోడ్డు మీది లెక్కలు, మీ వంటింటివి కావు. కంపెనీలు తమ వెబ్‌సైట్లలో 2జీ నుంచి 5జీ దాకా కవరేజ్ మ్యాపులు పెట్టాలని ట్రాయ్ 2024 నిబంధనల్లో ఉంది, అవీ వచ్చాయి. రంగు వేసిన చోటల్లా ఇంట్లో కూడా సిగ్నల్ ఉంటుందని మాత్రం నమ్మకండి. ఆ రంగులో చాలా భాగం కంప్యూటర్ వేసిన అంచనా. రంగు లేని చోట రాదని నమ్మొచ్చు. కాల్ డ్రాప్ 2 శాతం మించకూడదని కూడా నియమం ఉంది. వందలో 98 కాల్స్ నిక్షేపంగా నడిచి, తెగిన ఆ రెండూ మీ వీధివే అయితే నియమం తప్పినట్టు కాదు, మీ బాధ తీరినట్టూ కాదు.

ప్రశ్న: నార్సింగిలో 17వ అంతస్తులో ఫ్లాట్ కొనుక్కున్నాం. 5జీ, నిండుగా గీతలు. అయినా మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. "హలో హలో" తప్ప ఆఫీసు కాల్స్‌లో ఏమీ జరగట్లేదు. ఇదే నంబరుతో వేరే కంపెనీకి పోర్ట్ అవ్వాలా? (ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి)

అంత ఎత్తున మీకు సిగ్నల్ తక్కువై కాదు, ఎక్కువై కష్టం. టవర్ల యాంటెన్నాలు కిందికి, జనం ఉండే వైపు వంచి ఉంటాయి. 17వ అంతస్తులో ఉన్న ఫోన్‌కి దూరం దూరం టవర్లన్నీ తలా కాస్తా వినిపిస్తాయి, ఏదీ గట్టిగా వినపడదు. ఒకదాన్ని పట్టుకుని, వదిలి, ఇంకోదాన్ని పట్టుకుంటూ ఉంటుంది. అలా మారేటప్పుడే మాట తెగేది. పైగా కొత్త అపార్ట్‌మెంట్లలో వేడి ఆపే పూత పూసిన అద్దాలు పెడుతున్నారు. ఆ పూత లోహం. వేడితోపాటు సిగ్నల్‌ని కూడా ఆపుతుంది. కిటికీ తీసి ఒకసారి మాట్లాడి చూడండి, తేడా తెలిస్తే దోషి దొరికినట్టే.

5జీ గుర్తు చూసి మురిసిపోవద్దు. ఎయిర్‌టెల్ 5జీ ఎక్కువ చోట్ల 4జీ మీద ఆధారపడి నడిచే రకం, అక్కడ మీ మాట 4జీలోనే పోతుంది. జియో 5జీ విడిగా నడిచేది, అందులో కాల్ 5జీలోనే సాగొచ్చు. మాట తెగుతుంటే కొన్నాళ్లు ఫోన్‌ని 4జీకి పెట్టి చూడండి. సెట్టింగ్స్‌లో ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్ దగ్గర మార్చుకోవచ్చు. డబ్బు ఖర్చు లేని వైద్యం.

అసలు మందు వైఫై కాలింగ్, అంటే టవర్ బదులు ఇంటి వైఫై మీదుగా కాల్ పోవడం. ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో మొదలుపెట్టాయి. ఇంట్లో ఏ బ్రాడ్‌బ్యాండ్ ఉన్నా పనిచేస్తుంది, మామూలు కాల్ లాగే మీ నంబరు నుంచే పోతుంది, విడిగా చార్జీ లేదు. సిమ్ సెట్టింగ్స్‌లో ఆన్ చేసి, రౌటర్‌ని షూ ర్యాక్ వెనక కాకుండా ఇంటి నడుమ పెట్టండి. రౌటర్‌కి చిన్న యూపీఎస్ తగిలించుకోండి, లేకపోతే కరెంటు పోగానే కాల్ కూడా పోతుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ లిఫ్ట్ ఎక్కకండి. వైఫై నుంచి బయటి నెట్‌వర్క్‌కి కాల్ మారాల్సింది సరిగ్గా లిఫ్ట్ తలుపు దగ్గరే, అక్కడ రెండూ ఉండవు. ఇవన్నీ చేశాక కూడా "హలో హలో" తప్పకపోతే అప్పుడు పోర్ట్ గురించి మాట్లాడదాం.

ప్రశ్న: అమ్మా, నాకు కీప్యాడ్ ఫోన్ ఉంది. పొలంలో బోరు మోటారుకు ఫోన్‌తో ఆన్ చేసే స్టార్టర్ పెట్టించాను. మా అబ్బాయి ఇంట్లో అందరికీ జియో తీసుకున్నాడు, నన్నూ, స్టార్టర్‌నీ కూడా మార్చమంటున్నాడు. మార్చనా? (వినుకొండ దగ్గర నుంచి ఒక రైతు)

ఫోన్ మార్చకుండా సిమ్ ఒక్కటే మార్చితే రెండూ మూగబోతాయి పెద్దాయనా. మీ దగ్గరున్నది పాత రకం కీప్యాడ్ ఫోన్ అయితే అది 2జీ. జియోకి 2జీ లేదు. ఆ సిమ్ అందులో వేస్తే నెట్‌వర్కే చూపించదు. జియోలోకి పోవాలంటే 4జీ కీప్యాడ్ ఫోన్ కొనాలి. జియోభారత్ లాంటివి చవకగా దొరుకుతాయి, కానీ వాటిలో జియో సిమ్ తప్ప వేరేది పనిచేయదు. రేపు ఆ కంపెనీ మీ ఊళ్లో సరిగా రాకపోతే ఫోన్ కూడా దండగ. ఏ సిమ్ అయినా తీసుకునే 4జీ కీప్యాడ్ ఫోన్లు ఉన్నాయి, కాస్త ధర ఎక్కువైనా నేనైతే అదే కొంటాను. షాపులో "వోల్టీ ఉందా", అంటే 4జీ మీదే మాట పోయే సదుపాయం ఉందా అని అడిగి, అక్కడే మీ సిమ్ వేసి, ఒక కాల్ మాట్లాడి, అప్పుడు డబ్బులివ్వండి.

స్టార్టర్ సంగతి వేరు. మొబైల్ స్టార్టర్లలో చాలావాటిలో లోపల ఉన్నది 2జీ మాడ్యూలే. డబ్బా మీద 4జీ అని రాసి లేకపోతే దాన్ని కదపొద్దు, ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్‌లో ఏది మీ పొలంలో బాగా వస్తే అదే ఉంచండి. ఏది బాగా వస్తుందో చూడటానికి మీ పాత కీప్యాడ్ ఫోనే పనికొస్తుంది. మూడు సిమ్‌లూ ఒక్కొక్కటిగా అందులో వేసి మోటారు షెడ్డులో, స్టార్టర్ డబ్బా పక్కన పెట్టి చూడండి. రేకుల షెడ్డయితే లోపల సిగ్నల్ చచ్చిపోతుంది, స్టార్టర్ యాంటెన్నా వైరుని రేకు బయటికి లాగితే సగం రోగం కుదురుతుంది. అర్ధరాత్రి త్రీఫేజ్ ఇచ్చినప్పుడు పాముల మధ్య టార్చి పట్టుకుని పోకుండా ఉండటానికే కదా అది పెట్టించుకున్నారు. అబ్బాయి ఉత్సాహానికి దాన్ని బలిపెట్టకండి.

రీచార్జ్ గురించి ఒక మాట. డేటా అక్కర్లేనివాళ్లకు కాల్స్, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్యాకులు ఇవ్వాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది, కంపెనీలు తెచ్చాయి కూడా. షాపువాడు చెప్పడు, అడిగితే ఇస్తాడు.

ప్రశ్న: పాడేరు మండలంలో టీచర్‌ని. మా ఊరికి ఈ మధ్య బీఎస్ఎన్ఎల్ 4జీ టవర్ వచ్చింది. తోటి టీచర్ ఫోన్‌లో బాగా వస్తోంది, నా ఫోన్‌లో అదే సిమ్ వేస్తే బడి దాటగానే పోతోంది. ఎందుకు? (అల్లూరి సీతారామరాజు జిల్లా)

ఫోన్‌లో ఉంది తేడా. బీఎస్ఎన్ఎల్ దేశీయ పరిజ్ఞానంతో కట్టిన 4జీని 2025 సెప్టెంబరు 27న ఝార్సుగూడలో ప్రధాని ప్రారంభించారు, 97 వేలకు పైగా టవర్లతో. అందులో దూరం పోయేది 700 మెగాహెర్ట్జ్. ఫోన్ల భాషలో దాన్ని బ్యాండ్ 28 అంటారు. పాత 4జీ ఫోన్లు చాలావాటికి ఆ బ్యాండ్ లేదు. అలాంటి ఫోన్ 2100 మాత్రమే పట్టుకుంటుంది, అది కొండ మలుపు తిరగ్గానే ఆగిపోతుంది. మీ ఫోన్ మోడల్ పేరు కొట్టి, స్పెసిఫికేషన్లలో 4జీ బ్యాండ్ల వరసలో 28 ఉందేమో చూసుకోండి. లేకపోతే ఎన్ని సిమ్‌లు మార్చినా ప్రయోజనం లేదు, ఈసారి కొనే ఫోన్‌కి ఆ అంకె ఉండేలా చూసుకోండి. ఉంటే వోల్టీ ఆన్‌లో ఉందేమో చూడండి.

ఏజెన్సీలో ఇంకో వెసులుబాటు వచ్చింది, చాలామందికి తెలీదు. ప్రభుత్వ డిజిటల్ భారత్ నిధి డబ్బుతో కట్టిన టవర్ల దగ్గర, 2025 జనవరి నుంచి, జియో, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్ కస్టమర్లు టవర్ ఎవరిదైనా 4జీ వాడుకోవచ్చు. దేశం మొత్తం మీద 27 వేలకు పైగా టవర్లు దీని కిందికి వస్తాయి. మీ ఫోన్‌లో నెట్‌వర్క్ సెలక్షన్ ఆటోమేటిక్‌లో, రోమింగ్ ఆన్‌లో ఉండాలి. ఎప్పుడో ఒకసారి విసుగొచ్చి మాన్యువల్‌గా కంపెనీ పేరు ఎంచుకుని అలాగే వదిలేసిన ఫోన్లను నేను కొండల్లో చాలా చూశాను.

ఎక్కడా సిగ్నల్ లేదని చూపించినా "ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ" అని ఉంటే 112కి కాల్ వెళ్తుంది. అప్పుడు ఫోన్ అందిన ఏ కంపెనీ టవర్‌నైనా వాడుకుంటుంది. పిల్లలకు నేర్పండి.

ప్రశ్న: నంబరు పోతుందేమోనని భయంతో పోర్ట్ అవ్వట్లేదు. హైదరాబాద్ నంబరు, ఇప్పుడు కర్నూలులో ఉంటున్నాను. కుదురుతుందా? (కర్నూలు నుంచి ఒక బ్యాంకు ఉద్యోగిని)

కుదురుతుంది. రాష్ట్రాలు విడిపోయినా టెలికాం లైసెన్సుల లెక్కలో ఏపీ, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్. మీకు అది సర్కిల్ లోపలి మార్పే, మూడు పనిదినాల్లో అయిపోవాలి. PORT అని కొట్టి, స్పేస్ ఇచ్చి, మీ నంబరు రాసి 1900కి మెసేజ్ పంపితే ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది. దానికి నాలుగు రోజులే ఆయుష్షు, ఈలోపు కొత్త కంపెనీ షాపుకి ఆధార్‌తో వెళ్లాలి. పోస్ట్‌పెయిడ్ అయితే బాకీ తీర్చేయండి, ఇప్పుడున్న కంపెనీలో చేరి 90 రోజులైనా అయి ఉండాలి. పాత సిమ్ ఆగి కొత్తది లేచే మధ్యలో కొన్ని గంటలు ఫోన్ రాదు. ఆ రోజు ఓటీపీలతో పని పెట్టుకోకండి, బ్యాంకు ఉద్యోగికి నేను చెప్పేదేముంది.

కానీ తొందరపడొద్దు. పోర్ట్ అయ్యాక అది కూడా నచ్చకపోతే మళ్లీ 90 రోజులు ఆగాలి. ముందు ఆ కంపెనీ కొత్త ప్రీపెయిడ్ సిమ్ ఒకటి చిన్న రీచార్జ్‌తో తీసుకుని, రెండో స్లాటులో వేసుకుని, ఇంట్లో, బ్యాంకులో, దారిలో ఒక నెల వాడండి. నచ్చితే అప్పుడు నంబరు తీసుకెళ్లండి.

ప్రశ్న: అమ్మానాన్న ఆరు నెలలకు డల్లాస్ వస్తున్నారు. వాళ్ల ఇండియా ఫోన్లలోనే ఇక్కడి సిమ్ వేద్దామనుకుంటున్నాం. ఏది తీసుకోవాలి? (డల్లాస్ నుంచి ఒక పాఠకుడు)

కవరేజ్ కంటే ముందు ఆ ఫోన్లని అక్కడి కంపెనీ ఒప్పుకుంటుందో లేదో చూడండి. ఏటీ అండ్ టీ 2022 ఫిబ్రవరిలో 3జీ తీసేసింది, వెరైజన్ ఆ ఏడాది చివర్లో. ఇప్పుడు మాట అంతా వోల్టీ మీదే. ఏటీ అండ్ టీ తాను ఆమోదించిన మోడళ్లకే కాల్స్ ఇస్తుంది. ఇండియాలో కొన్న ఆండ్రాయిడ్ మోడళ్లు చాలా ఆ జాబితాలో ఉండవు. స్టార్ హ్యాష్ జీరో సిక్స్ హ్యాష్ నొక్కితే వచ్చే ఐఎంఈఐ నంబరుని (ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) వాళ్లు బయల్దేరకముందే తెప్పించుకుని, కంపెనీ సైట్‌లో కొట్టి చూడండి. టీ-మొబైల్ ఈ విషయంలో కాస్త ఉదారం, దాని నెట్‌వర్క్ మీదే నడిచే మింట్ లాంటి కంపెనీల సిమ్‌లు చవక. అమెరికాలో కొన్ని రోజులు ఉచితంగా వాడి చూసే ఇ-సిమ్ ట్రయల్స్ కూడా ఉన్నాయి. మీ ఫోన్‌లో వేసుకుని, పెద్దవాళ్లు సాయంత్రం నడిచే పార్కు దాకా మీరే తిరిగి చూడండి.

వైఫై కాలింగ్ ఆన్ చేసేటప్పుడు ఎమర్జెన్సీ అడ్రస్ అడుగుతుంది. అక్కడ మీ ఇంటి చిరునామా సరిగా పెట్టండి, 911కి చేస్తే వాళ్లు వచ్చేది ఆ అడ్రస్‌కే.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో మూడు వేలకు సిగ్నల్ బూస్టర్ అమ్ముతున్నారు. కొనొచ్చా? (తణుకు నుంచి ఒక వ్యాపారి)

వద్దు. అనుమతి లేకుండా అలాంటివి అమ్మడం, పెట్టుకోవడం మన దేశంలో చట్టవిరుద్ధం. మీకు నాలుగు గీతలు వస్తాయేమో, మీ వీధి మొత్తం టవర్‌తో మాట్లాడే దారిలో అది గోల పెడుతుంది. మా టెస్టుల్లో ఒక కాలనీ అంతా కాల్స్ తెగుతున్నాయంటే ముందు ఏ మేడ మీద బూస్టర్ ఉందా అని చూసేవాళ్లం.

ఆ మూడు వేలతో మీకు వైఫై వస్తుంది. దాంతోపాటు మీ కంపెనీ 198కి ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు (ఆ ఫిర్యాదుకిచ్చే సంఖ్య) రాసుకోండి. చేసేటప్పుడు "సిగ్నల్ రావట్లేదు" అని ఊరుకోకుండా, ఏ వీధి, ఏ గది, ఏ వేళ, సిమ్ స్టేటస్‌లో ఎంత అంకె అన్నది చెప్పండి. గడువులో పరిష్కారం కాకపోతే అదే డాకెట్‌తో ఆ కంపెనీ అప్పీలేట్ అథారిటీకి రాయొచ్చు, ఖర్చేమీ లేదు. వీధిలో నలుగురు విడివిడిగా రాస్తే ఇంకా మంచిది. ఒకే చోటు నుంచి వరసగా వచ్చిన ఫిర్యాదులు చూసే మమ్మల్ని చాలాసార్లు టెస్టుకు పంపించేవాళ్లు.